షిఫ్టులో మన మాట చెల్లనివ్వని వాళ్లతో ఎలా నెగ్గుకురావాలి – బల్క్ డ్రగ్ ప్లాంటులో నా అనుభవం

కాగితం మీద షిఫ్ట్ ఇన్‌చార్జి మీరే. ఫ్లోర్ మీద మాత్రం, మీరు చెప్పింది విన్న కుర్రాడు పక్కనున్న సీనియర్ ఆపరేటర్ ముఖంలోకి చూస్తాడు. ఆయన తలూపితేనే వాల్వు తిరుగుతుంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, చౌటుప్పల్, అటు పరవాడ, పైడిభీమవరం... బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటు ఏదైనా ప్రొడక్షన్‌లో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. నేను కెమిస్టుగా చేరి, షిఫ్ట్ ఇన్‌చార్జిగా, తర్వాత బ్లాక్ ఇన్‌చార్జిగా చేశాను. మాట చెల్లకపోవడం అనే జబ్బును రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి, దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ బెడిసికొడుతుందో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఎదురు మాట్లాడేవాడి వల్ల పెద్దగా నష్టం లేదు, వాడు కనబడుతూనే ఉంటాడు. అసలు నష్టం మూడు చోట్ల జరుగుతుంది: షిఫ్ట్ హ్యాండోవర్‌లో, ప్లాంట్ హెడ్ గదిలో, ఒక్కడికే తెలిసిన పనిలో. మనిషిని మార్చే ప్రయత్నం ఈ మూడింటినీ కట్టుదిట్టం చేశాకే మొదలుపెట్టాలి. తిరగేసి చేస్తే, మీరు ఒకణ్ణి సరిచేసేలోపు ఆ దారిలోనే ఇంకొకడు వస్తాడు.

ఇది ఎలా ఉంటుందో ఒక క్రిస్టలైజేషన్ స్టెప్‌లో (ద్రావణాన్ని చల్లబరచి స్ఫటికాలు తెప్పించే దశలో) చూపిస్తాను. బ్యాచ్ రికార్డులో (ఆ బ్యాచ్ ఎలా చేయాలో రాసి ఉండే పుస్తకంలో) 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు నాలుగైదు గంటల్లో మెల్లగా దించమని ఉందనుకోండి. మొదట కూలింగ్ టవర్ నీళ్లు, తర్వాత చిల్డ్ వాటర్, చివర్లో బ్రైన్ (ఇంకా చల్లటి ఉప్పునీరు). మీరు చెప్పి పక్క బ్లాక్‌కి వెళ్లగానే సీనియర్ అంటాడు, ‘బ్రైన్ ఇచ్చెయ్‌రా, సారుకేం ఎరుక, షిఫ్ట్ దిగేలోపు సెంట్రిఫ్యూజ్ ఎక్కాలె.’ రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి ఒక్కసారిగా బ్రైన్ పోతే క్రిస్టల్ సన్నగా పడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి వడకట్టే యంత్రంలో) గుడ్డ పూడుకుపోతుంది, మదర్ లిక్కర్ (మిగిలిన ద్రవం) దిగదు, కేకు తడిగా వస్తుంది, డ్రయ్యర్‌లో ఎంతసేపు ఉంచినా ఎల్‌వోడీ (సరుకులో మిగిలిన తడి లెక్క) తగ్గదు. ఇదంతా బయటపడేది తర్వాతి షిఫ్టులో. పొద్దున మీటింగులో మాట పడేది మీరు. ఆ కుర్రాడు నేర్చుకునేది మాత్రం ఒకటే, ఇన్‌చార్జి చెప్పింది చేయకపోయినా ఏమీ కాదని.

ఇక్కడ కోపం తెచ్చుకునే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. మీరు చెప్పింది బ్యాచ్ రికార్డులోనో ఎస్‌వోపీలోనో (పని పద్ధతి రాసిన కాగితంలోనో) ఉన్నదా, లేక మీ అలవాటా? రికార్డులో ‘5 డిగ్రీలకు చల్లబరచాలి’ అని మాత్రమే ఉండి, మెల్లగా దించడం మీకు అనుభవం మీద తెలిసిన కిటుకైతే, అది చేయనందుకు మీరు ఎవర్నీ గట్టిగా పట్టుకోలేరు. ముందు ప్రాసెస్ డెవలప్‌మెంట్ వాళ్లతో మాట్లాడి, చేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వక అనుమతి) వేసి ఆ గంటలను రికార్డులోకి ఎక్కించాలి. సగం గొడవలు ఇక్కడే ఆరిపోతాయి. మాట వినట్లేదని మనం అనుకునేవాటిలో చాలావరకు రాతలో లేని ఆదేశాలే.

రెండో ప్రశ్న, ఈ మనిషి ఏ రకం? అందరికీ ఒకే మందు పనిచేయదు. ఇన్‌చార్జి పోస్టు తనకే వస్తుందనుకుని రాక మిగిలిపోయినవాడు ఒక రకం. ఈయనతో మాట్లాడాల్సిన మొదటి మనిషి మీరు కాదు, ఆ పోస్టు ఇవ్వని పై ఆఫీసరు. ఎందుకు ఇవ్వలేదో, ముందు ముందు ఏముందో ఆయనే ముఖాముఖి చెప్పాలి. పదిహేనేళ్ల పనితనం చేతిలో ఉంది కాబట్టి ఎవరినీ లెక్కచేయనివాడు రెండో రకం. కొత్త ఇన్‌చార్జి ఎంతవరకు ఊరుకుంటాడో చూద్దామని గిల్లేవాడు మూడో రకం. వీడు చాలా తేలిక, ఒకసారి గట్టిగా నిలబడితే సర్దుకుంటాడు.

నాలుగో రకమే జాగ్రత్తగా చూడాల్సింది. ఆయన మీ మాట కాదంటున్నది నిజంగా ప్రమాదం కనబడి. టాల్యూన్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) చార్జ్ చేసేటప్పుడు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ లేదనో, నైట్రోజన్ ప్రెజర్ రావట్లేదనో ఆపేసినవాణ్ణి ‘నా మాట కాదంటావా’ అన్నారంటే ఆ రోజుతో మీ పెద్దరికం పోయినట్టే, పోవాలి కూడా. పని ఆపే హక్కు హెల్పర్‌కి కూడా ఉండాలి. అలాంటివాడికి నలుగురిలోనే ‘మంచిపని చేశావ్’ అని చెప్పండి. భద్రత కోసం ఆపడానికీ, మాట వినకపోవడానికీ తేడా మీకు తెలుసని అప్పుడే మిగతావాళ్లకు అర్థమవుతుంది.

ఇక రాసిపెట్టుకోవడం. కనీసం రెండు మూడు వారాలు గమనించి రాయాలి. ‘పొగరుగా మాట్లాడాడు’, ‘సహకరించట్లేదు’ లాంటివి దేనికీ కొరగావు. తేదీ, షిఫ్టు, టైము, మీరు చెప్పిన మాట, జరిగిన పని, దానివల్ల ఏమైంది, అక్కడెవరున్నారు, అంతే. ఇలా (బి షిఫ్ట్ అంటే మధ్యాహ్నం షిఫ్టు, ఆర్-204 ఒక రియాక్టర్): ‘బి షిఫ్ట్, 4:20. ఆర్-204లో చిల్డ్ వాటర్ మీదే ఉంచమన్నాను. 5:05కి చూస్తే బ్రైన్ వాల్వు తెరిచి ఉంది. మీరే ఇవ్వమన్నారని హెల్పర్ అన్నాడు. అక్కడ ఇద్దరు ఉన్నారు.’

ఈ రాత ఎక్కడ రాయాలన్నది చాలామందికి తెలియదు. ఎక్విప్‌మెంట్ లాగ్‌బుక్‌లోనో షిఫ్ట్ రిజిస్టర్‌లోనో ఫిర్యాదులు ఎక్కించకూడదు. అవి ఆడిట్‌లో తెరిచే పుస్తకాలు, మన తగాదాలు వాటిలో కనబడితే ఆడిటర్ ప్రశ్నలకు జవాబు చెప్పలేక క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వాళ్లు చస్తారు. అలాగని మీ సొంత డైరీలో టెంపరేచర్లు, వాక్యూమ్ రీడింగులు, బరువులు రాసుకోవడం మొదలుపెడితే ఇంకా ముప్పు. జేబులో బ్యాచ్ డేటా ఉన్న చిత్తు కాగితం దొరికితే ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ దాన్ని డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) లోపంగానే చూస్తాడు. కాబట్టి డైరీలో మనిషి నడవడిక మాత్రమే, అంకె కావాల్సినచోట ‘బ్యాచ్ రికార్డు పేజీ 14 చూడాలి’ అని రాసుకుంటే చాలు. బ్యాచ్ రికార్డు హద్దు దాటిన పని జరిగితే అది వేరే సంగతి, దానికి డీవియేషన్ (పద్ధతి తప్పినట్టు అధికారిక రిపోర్టు) వేయాల్సిందే. ఆ డీవియేషన్‌ను మనిషి మీద ఆయుధంగా వాడొద్దు. జరిగింది జరిగినట్టు రాయండి.

తర్వాత ఆ మనిషి దగ్గరికి కాదు, మీ బాస్ దగ్గరికి వెళ్లాలి. సీనియర్ ఆపరేటర్లకు ప్లాంట్ హెడ్‌తో పాత పరిచయం ఉంటుంది. ప్లాంటు కట్టినప్పటి నుంచి ఉన్నవాళ్లు, ఫోన్ నంబరు ఉంటుంది, ‘సార్, కొత్తాయన ఇట్ల జేస్తున్నడు’ అని ఒక్క ఫోన్ కొడితే చాలు. ప్లాంట్ హెడ్ మంచితనంతోనే ‘సరే, నువ్వు చెయ్యి, నేను చెప్తాలే’ అంటాడు. ఆ ఒక్క మాటతో మీ మూడు నెలల కష్టం పోతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, చాలాసార్లు ఆయనే అర్జెంటని నేరుగా ఆపరేటర్‌కి ఫోన్ చేసి పని చెప్తాడు.

పది నిమిషాలు అడిగి కూర్చోండి. మనిషి మీద చాడీలొద్దు. రెండే అడగండి. ఒకటి, షిఫ్టుకు ఏ ఆదేశమైనా నా ద్వారా రానివ్వండి, నేను దొరక్కపోతే నేరుగా చెప్పినా వెంటనే నాకొక మెసేజ్ పెట్టండి. రెండు, ఎవరైనా పని విషయమై మీ దగ్గరికి వస్తే ముందుగా ‘ఇన్‌చార్జికి చెప్పావా?’ అని అడిగి వెనక్కి పంపండి. దీనికి మినహాయింపు కూడా మీరే చెప్పాలి: భద్రత, వేధింపులు, లంచం, రికార్డులు దిద్దడం, వీటి మీద మీ గురించే ఫిర్యాదు అయినా సరే నేరుగా వినాలి. ఆ తలుపు తెరిచి ఉంచమని మీ నోటితో మీరు అన్నప్పుడే మొదటి రెండు కోరికలకు బరువు వస్తుంది. ఈ మాటలు అయ్యాక అదే సాయంత్రం నాలుగు లైన్లలో మెయిల్ పెట్టండి. మర్చిపోయేవాళ్లకు అది గుర్తుచేస్తుంది, మర్చిపోయినట్టు నటించేవాళ్లకూ చేస్తుంది.

హ్యాండోవర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే గిట్టనివాడు మిమ్మల్ని దెబ్బతీయడానికి నోరు తెరవక్కర్లేదు, ఒక సంగతి చెప్పకపోతే చాలు. వాక్యూమ్ పంపు ఆయిల్ పాలలా తెల్లబడిందనీ, శాంపిల్ క్యూసీ (పరీక్షల ల్యాబ్) నుంచి రిపీట్‌కి వచ్చిందనీ, లెవెల్ ఇంటర్‌లాక్ (హద్దు దాటితే దానంతటదే ఆపే రక్షణ) బైపాస్‌లో ఉందనీ పైకి చెప్పడు. రెండింటికి సైరన్ మోగగానే బస్సెక్కుతాడు. ఆఫీసు టేబుల్ దగ్గర ‘అంతా ఓకే’ అని జరిగే హ్యాండోవర్లను ఆపించండి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి ఎక్విప్‌మెంట్ ముందు నిలబడాలి, బ్లాక్ సైజును బట్టి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఒక్కో రియాక్టర్ దగ్గర బ్యాచ్ నంబరు, స్టెప్ నంబరు, ఇప్పుడు నడుస్తున్న టెంపరేచర్, పెండింగ్ శాంపిల్స్, తెరిచి ఉన్న వర్క్ పర్మిట్లు, లాక్ అవుట్ ట్యాగులు (రిపేరు కోసం తాళం వేసినట్టు తెలిపే చీటీలు), బైపాస్‌లో ఉన్నవి, తక్కువ పడ్డ సరుకు చూసుకోవాలి. ఏమీ లేకపోతే హ్యాండోవర్ షీటులో గడి ఖాళీగా వదలకుండా ‘లేదు’ అని రాయాలి. ఖాళీ గడి మర్చిపోవడం కిందికి వస్తుంది. ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాక ఉన్నట్టు తేలితే అది అబద్ధం రాయడం అవుతుంది. ఈ తేడా అందరికీ తెలుసు, కాబట్టి దాచడం మెల్లగా తగ్గుతుంది. హ్యాండోవర్ పూర్తికాకుండా బస్సు కదలకూడదని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. లేకపోతే మీ పద్ధతి మొదటి వారంలోనే మూలన పడుతుంది.

ఒక్కడికే తెలిసిన పని ఇంకో పెద్ద లోపం. ఏఎన్‌ఎఫ్‌డీ (వడకట్టి ఆరబెట్టే యంత్రం) సీలు జారితే ఎలా సర్దాలో, ఏ లాట్ రా మెటీరియల్‌కి నురగ ఎక్కువ వస్తుందో ఆయనకే తెలుసు. లీవు పెడతానంటే మనం బతిమాలతాం. గోడ మీద స్కిల్ మ్యాట్రిక్స్ (ఎవరికి ఏ పని వచ్చో చూపే పట్టిక) వేలాడదీసినా అందులో నిజం ఉండదు. కీలకమైన ప్రతి పనికీ కనీసం ముగ్గురు పేర్లు ఉండేలా చూసి, నెలకొకసారి ఆ సీనియర్ పక్కనే ఉండగా రెండోవాడితో పని చేయించండి. నేర్పే బాధ్యతను ఆయనకే ఇచ్చి, ఎస్‌వోపీ రివిజన్‌లో ఆయన సలహాలు రాయించి, ట్రైనర్‌గా ఆయన పేరు ఎక్కించండి. చాలామంది ఇక్కడే మెత్తబడతారు, ఎందుకంటే వాళ్లకు కావలసింది గుర్తింపే. అయితే ఈ గుర్తింపు గొడవ నడుస్తున్నప్పుడు ఇవ్వకూడదు. ఇస్తే, అల్లరి చేస్తే పదవి దొరుకుతుందని బ్లాకంతా నేర్చుకుంటుంది. కొంతకాలం పని సవ్యంగా సాగాక ఇవ్వండి.

ఇవి నడుస్తుండగా ముఖాముఖి మాట్లాడాలి. సి షిఫ్ట్ (రాత్రి షిఫ్టు) తెల్లవారుజామున వద్దు, బస్సు టైము వద్దు, క్యాంటీన్ అసలే వద్దు. షిఫ్ట్ మొదలై రెండు మూడు గంటలయ్యాక, చార్జింగ్ లేని వేళ, తలుపు వేసుకునే వీలున్న గది. పావుగంట చాలు. సంఘటన ఒక్కటే ఎత్తండి, జాబితా చదవొద్దు. మాట దాదాపు ఇలా ఉంటే చాలు:

‘యాదన్నా, నిన్న బి షిఫ్టుల ఆర్-204 చిల్డ్ వాటర్ మీదనే ఉంచమన్న. బ్రైన్ ఇచ్చిన్రు. కేకు తడిగ వచ్చింది, డ్రయ్యర్ ఆగింది. ఏమైందో నువ్వే చెప్పు.’

ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి. ఈ మౌనమే అన్నిటికన్నా కష్టం. వయసులో పెద్దాయన్ని ‘అన్నా’ అనడంలో తప్పు లేదు, చనువు వేరు, ఆదేశం వేరు. రోజూ ‘అన్నా’ అని పిలిచి ఆ రోజు మాత్రం ‘మీరు’, ‘గారు’ మొదలుపెడితే, అప్పటికే చార్జ్‌షీట్ రాసేశారని అనుకుంటాడు.

జవాబులు దాదాపు ఊహించినవే వస్తాయి. ‘పాత సారు ఉన్నప్పుడు గిట్లనే జేసేటోళ్లం.’ దీనికి పాత సారు గురించి ఒక్క మాట కూడా అనొద్దు. ‘అయితే రికార్డు మార్పిద్దాం, ఏం మార్చాలో చెప్పు. మారేదాక రికార్డులున్నట్టే చేద్దాం’ అనండి. ‘అందరూ జేస్తున్నరు, నన్నే అంటున్నవ్’ అంటే, ‘వాళ్లతో వేరే మాట్లాడత, ఇప్పుడు నీ పని సంగతి’ అని అక్కడికి తెంచాలి. ‘నాకు చెప్పేటంత పెద్దోడివైనవా’ అన్నాడంటే లోపలున్నది బయటికొచ్చింది, మంచిదే. కొట్లాటకు దిగకుండా, ‘పోస్టు నీకు రాలేదని బాధ ఉన్నది, అది నాకు ఎరుకే. ఆ మాట పెద్దసారుతోని మాట్లాడుకో, నేనే టైం ఇప్పిస్త. షిఫ్టుల మాత్రం చెప్పింది జరగాలె’ అంటే చాలు. లేచే ముందు ఇకమీదట ఏం జరగాలో ఒక్క వాక్యంలో చెప్పి, మళ్లీ ఎప్పుడు కూర్చునేదీ తేదీతో సహా చెప్పండి. ఆ తేదీకి మీరు కూర్చోకపోతే మొత్తం పరాచికమైపోతుంది.

నలుగురిలో సెటైర్ వేస్తే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. అక్కడికక్కడ గెలవాలని చూడకండి. ‘ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ పని కానివ్వండి’ అని పని పేరు చెప్పి, చేయాల్సినవాడి పేరు పెట్టి పిలవండి. ‘ఎవరైనా వెళ్లి వాల్వు చూడండి’ అంటే ఎవరూ కదలరు, ఒకరి పేరు పెడితే కదులుతారు. ఒక్క చోట మాత్రం ఆలస్యం చేయొద్దు. ప్రమాదం జరిగే పని ఎవరు చేస్తున్నా, ఎంతమంది ఉన్నా, గట్టిగా ‘ఆపు’ అనాలి. మర్యాద, వివరణ తర్వాత.

ఇన్‌చార్జులు చేజేతులా చెడగొట్టుకునే పనులు కొన్ని ఉన్నాయి. ఆయనకు ఓవర్‌టైం కట్ చేయడం, వరసగా సి షిఫ్టులు వేయడం. ఇవి రేపు కక్షసాధింపుకు సాక్ష్యాలుగా నిలబడతాయి. షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులో ‘కొందరు తమ పద్ధతి మార్చుకోవాలి’ అని పెట్టడం. ఆ కొందరెవరో అందరికీ తెలుసు, స్క్రీన్‌షాట్ రాత్రికి హెచ్‌ఆర్‌కి చేరుతుంది. హెల్పర్లలో ఒకణ్ణి వేగుగా పెట్టుకోవడం అన్నిటికన్నా నీచం, పైగా వాడు రెండు వైపులా మోస్తాడు. ఎవరూ వినట్లేదని వాల్వులు మీరే తిప్పుకోవడం కూడా ఓటమే.

మహిళా ఇన్‌చార్జులకూ, దళిత ఇన్‌చార్జులకూ ఎదురయ్యే ధిక్కారంలో ఇంకో విషం కలిసి ఉంటుంది. ‘మేడమ్ చెప్తే వినాలా’ అనే వెటకారం లైంగికమైన మాటల్లోకి మళ్లితే అది క్రమశిక్షణ విషయం కాదు. 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి వెళ్లాలి, పదిమంది ఉద్యోగులున్న ఏ సంస్థకైనా ఆ కమిటీ ఉండాలి, ఫిర్యాదు మామూలుగా మూడు నెలల్లో ఇవ్వాలి. కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ నిరోధక చట్టం ఉంది. ఇలాంటివాటిని ‘మాట్లాడి సర్దుకోండి’ అనే బాస్ మాట వినొద్దు.

మాటలతో కాకపోతే కాగితం. ముందు సలహా లేఖ, తర్వాత హెచ్చరిక, ఆపైన షోకాజ్ (సంజాయిషీ నోటీసు), చార్జ్‌షీట్, డొమెస్టిక్ ఎంక్వైరీ (కంపెనీ లోపలి విచారణ). పాత 1946 స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ ఉద్యోగ నియమాల) చట్టం కింది నమూనాలో మిస్‌కాండక్ట్ జాబితా మొదలయ్యేదే ఇక్కడ: పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన, సమంజసమైన ఆదేశాన్ని ఒంటరిగా గానీ కలిసి గానీ కావాలని ధిక్కరించడం. ‘చట్టబద్ధమైన, సమంజసమైన’ అన్నచోటే కేసు నిలబడుతుంది లేదా పడిపోతుంది. అందుకే ఆదేశం రికార్డులో ఉందా అని ముందే అడిగాను. 2025 నవంబర్ 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చాక స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం 300, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది. చిన్న యూనిట్లలో, కెమిస్టులూ ఎగ్జిక్యూటివ్‌ల విషయంలో అపాయింట్‌మెంట్ ఆర్డర్ షరతులే ఆధారం. ఎంక్వైరీ పూర్తయ్యేదాకా సస్పెన్షన్‌లో ఉంచితే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి.

ఎంక్వైరీలో మీరు సాక్షి మాత్రమే. విచారణ అధికారి మీరు కాకూడదు, మీ కింద పనిచేసేవాడూ కాకూడదు. ఆ ఆపరేటర్ తరఫున వచ్చినవాళ్లు మిమ్మల్ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు: ఎన్ని గంటలకు చెప్పావు, ఎవరు విన్నారు, వాల్వు నీ కళ్లతో చూశావా? డైరీలో టైము రాసుకున్నవాడికి అక్కడ తడబాటు ఉండదు. యూనియన్ ఆఫీస్ బేరర్ అయితే మొదటి కాగితానికి ముందే హెచ్‌ఆర్‌ని కలుపుకోండి.

కాంట్రాక్ట్ కార్మికుడి సంగతి వేరు. అతనికి కంపెనీ లెటర్‌హెడ్ మీద మెమో ఇవ్వకూడదు. చర్య తీసుకోవాల్సింది కాంట్రాక్టర్, మీరు ఆ కాంట్రాక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. క్రమశిక్షణ అంతా మీ చేతుల మీదుగా జరిగితే కాంట్రాక్టు ఉత్తుత్తిదేనని వాదించడానికి అదే ఆధారమవుతుంది. ఫ్లోర్ మీద ఉన్న కోపంలో ఈ తేడా ఎవరికీ గుర్తుండదు.

ప్లాంట్ హెడ్ తన దారి మార్చుకోకపోతే పైవేవీ పూర్తిగా పనిచేయవు. అప్పుడు ఏ ఆదేశాలు మీకు తెలియకుండా నేరుగా వెళ్లాయో, వాటివల్ల ఏ బ్యాచ్ ఎంతసేపు ఆగిందో ఒక పేజీలో రాసి ఆయనకే ఇచ్చి, బ్లాక్ మార్చమని అడగడం మేలు. అందులో ఆపరేటర్ పేరు రాయకండి. చాలాచోట్ల ఆ పేజీ చదివాక బ్లాక్ మార్చరు గానీ, ఫోన్లు తగ్గుతాయి.